పలకరించకూడని మనిషి

చిక్కడపల్లిలో జయశ్రీ ఎదురుపడితే ముఖం తిప్పుకుని పోయేవాళ్ళు కనీసం నలభై మంది ఉంటారు. అందరూ ఆమె దయవల్ల బాగుపడ్డవాళ్ళే. టీబీ రోగులు మందులు మధ్యలో మానేయకుండా చూసే ఒక సంస్థలో ఆమె సోషల్ వర్కర్. ఆమెను వీధిలో పలకరిస్తే, ఈమె నీకెట్ల తెలుసని పక్కవాళ్ళు అడుగుతారు. అందుకే మొదటి రోజే చెప్పేస్తుంది, "బయట కనబడితే నన్ను పలకరియ్యకు" అని. మంచి నియమమే. పెట్టుకున్నప్పుడు తనకూ యాభై నాలుగేళ్ళు వస్తాయనీ, భర్త పోయి ఒక్కతే మిగులుతాననీ అనుకున్నట్టు లేదు.

ఓదెలు అశోక్ నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కి చదివేవాడు. ఒక్క గదిలో నలుగురు. జబ్బు బయటపడగానే జయశ్రీ అతన్ని ఊరికి పంపి, హాస్టల్లో ఉచిత వైద్య శిబిరం పెట్టించి, మిగతా ముగ్గురికీ పరీక్షలు చేయించింది. శిబిరం ఎవరివల్ల వచ్చిందో ఎవరికీ తెలియలేదు. నెల తర్వాత దగ్గు తగ్గి తిరిగొచ్చిన ఓదెలు, ఇక మందులు మానేస్తానన్నాడు.

"గోళీలు చూస్తే హాస్టలోళ్ళు ఎల్లగొడ్తరక్కా. పరీక్ష దగ్గరకొచ్చింది."

"మధ్యల ఆపితే జబ్బు మొండిదైతది. అప్పుడు పరీక్ష ఎవరు రాస్తరు? గోళీలు నా దగ్గర పెట్టు. రోజూ పొద్దున మా ఇంటికొచ్చి వేస్కో."

అది ఆమె డ్యూటీలో లేని పని. ఐదు నెలలు రోజూ ఏడింటికి వచ్చాడు. గోళీలు వేసుకుని, ఆమె ఉప్మాకి వంకలు పెట్టి, తిట్లు తిని, లైబ్రరీకి పోయేవాడు.

ఆఖరి పరీక్షలో జబ్బు లేదని తేలింది. సంతోషంగానే పంపించింది. మర్నాడు ఏడింటికి తలుపు వైపు చూసి, తన మీద తనే విసుక్కుంది.

ఏడాది తర్వాత నారాయణగూడలో ఒక చాయ్ దుకాణం ముందు ఓదెలు కనిపించాడు. చేతిలో లడ్డూల డబ్బా, చుట్టూ స్నేహితులు. అక్కడున్న అందరికీ పంచుతున్నాడు. జయశ్రీ తప్పుకుని పోబోతే వాడే ఎదురొచ్చాడు.

"తీస్కోండి మేడమ్."

కొత్త మనిషి అడగవలసిన మాటే అడిగింది. "దేనికి బాబూ?"

"కొలువొచ్చింది మేడమ్." చూపు డబ్బా మీదే ఉంది.

"మంచిది" అంది జయశ్రీ. ఒక్కసారి అక్కా అనిపించుకోవాలని ఎంతో అనిపించింది. లడ్డూ తీసుకుని నడిచింది.

మా ఓదెలుకి కొలువొచ్చిందని ఎవరికైనా చెప్పాలని దారి పొడవునా ప్రాణం కొట్టుకుంది. ఇంట్లో చెప్పుకోవడానికి ఎవరూ లేరు. ఉన్నా చెప్పకూడదు.