పోలింగ్ ఏజెంటు సిద్ధరాములు

తెలుగు నేతపనివాళ్లుండే కుంఠా నాకా బడిలో పోలింగ్ ఏజెంట్ల బెంచీ మీద సిద్ధరాములు కూర్చోవడం ఈ 1990 అసెంబ్లీ ఎన్నికలతో ఎనిమిదోసారి. మొదటిసారి కూర్చున్నప్పుడు ఈ రాష్ట్రం పేరు బొంబాయి. తరవాత ఇది మరాఠీ రాష్ట్రమైంది, నియోజకవర్గం హద్దులు మారాయి, వీధిలో చేతిమగ్గాలు పోయి పవర్‌లూములొచ్చాయి. ఆయన మాత్రం గూనివీపుతో, మోకాళ్ల మీద జాబితా పరుచుకుని, ఓటేసి వెళ్లినవాళ్ల పేర్ల కింద పెన్సిలుతో గీస్తూనే ఉన్నాడు. అందులో ఆయన పేరు కిందనే భార్య ద్రౌపది పేరుంది. ఆమె పోయి మూడేళ్లయింది. పేరు తీయించే ఫారం తెచ్చుకున్నాడు గానీ నింపలేదు.

మధ్యాహ్నం ఎవరో ఆడమనిషి ద్రౌపది పేరున్న ఓటరు చీటీ పట్టుకొచ్చింది. చీటీ మీది రాత చూడగానే, పంపింది తన పార్టీవాళ్లేనని ఆయనకు తెలిసిపోయింది. "భర్త పేరు?" అన్నాడు అధికారి. ఈ వాడ ఆడవాళ్లయితే కొంగు నోటికడ్డం పెట్టుకుని, "ఆయన పేరు నేనెట్ల తీస్త సాబ్, చిట్టీల ఉన్నది గద" అంటారు. ఈమె తడుముకోకుండా "సిద్ధరాములు" అంది. నలభై ఏళ్ల కాపురంలో ద్రౌపది ఒక్కసారీ అనని మాట.

"ఏం మామా, అత్త మల్ల లేచొచ్చిందా?" అన్నాడు అవతలి పార్టీ ఏజెంటు మల్లేశం.

ఊరుకుంటే ఆమె ఓటు ఇంకెవరో వేస్తారు. కాదంటే ఆమె పేరు పోతుంది. సిద్ధరాములు మెల్లగా లేచాడు.

"ఈమె కాదు సాబ్. నా పెండ్లాం సచ్చిపోయింది."

అధికారి ఆ మనిషిని పంపేసి, తన జాబితాలో పేరు కొట్టేశాడు. సిద్ధరాములు కూడా కూర్చుని ఆ పేరు మీద పెన్సిలు ఆనించాడు. తరవాతి ఓటరు పేరు అధికారి రెండుసార్లు చదివినా, ఆ పెన్సిలు కదల్లేదు.