పిళ్ళైచావడి రోడ్డు మీద తాడు

ఆ తాడు తీయించింది నేనే. ఈ ఒక్క మాట కాగితం మీద పెట్టడానికి నాకు ఏడాదిన్నర పట్టింది.

పుదుచ్చేరికి ఉత్తరాన పిళ్ళైచావడి దగ్గర, సముద్రం వైపు ఇళ్లకూ అవతలి బస్టాపుకూ మధ్య, ఊరివాళ్లు రోడ్డుకు అడ్డంగా ఒక తాడు పరిచారు. పడవలు కట్టే పాత తాడు, మణికట్టంత లావు. రెండు వరసలు వేసి, మీద తారు పోసి, అంచుల్లో మేకులు దిగగొట్టారు. ఎంత వేగంగా వచ్చే బండైనా అక్కడ నెమ్మదించాల్సిందే. తెల్లవారుతూనే చేపల గంపలతో బస్సు కోసం రోడ్డు దాటే ఆడవాళ్లు పట్టుబట్టి వేయించుకున్న తాడది.

మాది పుదుచ్చేరిలో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబం. పెయింట్లూ ఇనుప సామానూ అమ్మే దుకాణం. నలభై ఆరేళ్ల వయసులో, భార్య వద్దంటున్నా వినకుండా, రెండే సీట్లున్న నీలం రంగు స్పోర్ట్స్ కారు పాతదొకటి కొన్నాను. దాని ముక్కుకూ నేలకూ మధ్య నాలుగు వేళ్లు పడతాయి, అంతే. అలాంటి బండ్లున్న ముగ్గురం ప్రతి ఆదివారం పొద్దున్నే ఉత్తరం వైపు పోయి, తిరిగొచ్చి, ఒక టిఫిన్ హోటల్లో కూర్చునేవాళ్లం. ఒకడు ఇళ్లు కట్టించే కాంట్రాక్టరు, నాకన్నా చిన్నవాడు. ఇంకొకరు రిటైరైన ఇంజనీరు. చుట్టరికం ఏమీ లేకపోయినా ఆయన మా ఇద్దరికీ మామ.

ఇడ్లీలు వచ్చేలోపే వాదన మొదలయ్యేది.

"యాభై అని బోర్డు పెట్టుండారు. యాభైలో పోయేదానికి ఈ బండి ఎందుకు మామా? ఎద్దుల బండి చాలు గదా," అనేవాడు కాంట్రాక్టరు.

"అట్లయితే ఎద్దునే కొనుక్కో పా. అదైనా నీ మాట వింటుంది," అనేవారు మామ.

నేను పెద్దమనిషిలా మధ్యలోకి వచ్చేవాణ్ణి. "వేగం కాదు మామా చంపేది. చూడకుండా తోలేది చంపుతుంది. నేను బ్రేకు కొడితే, బస్సు నిలిచే దూరంలో సగానికే నా బండి నిలిచిపోతుంది."

"నీ బండి నిలుస్తుంది, సరి. దాటే మనిషికి ఆ సంగతి తెలుసునా? నెత్తిన గంప ఉంటే మెడ తిప్పేదానికి కాదురా. ఎదురుగా ఉండేది తప్ప ఏమీ కనబడదు వాళ్లకి."

"మామ బండి అమ్మేసి గంప కొనేట్టుండారు," అన్నాను. కాంట్రాక్టరు సాంబారు పొలమారేలా నవ్వాడు. ఆ రోజు ఆ వాదనలో గెలిచాననే అనుకున్నాను.

తాడు వేసిన సంగతి తెలియక మరుసటి ఆదివారం ఎప్పటిలాగే వచ్చాను. బ్రేకు కొట్టాను గానీ చాల్లేదు. ముందరి బంపరు కింది పట్టీ విరిగి రోడ్డు మీద పడింది. బస్టాపులో గంపలు దించుకుని నిలబడ్డ ఆడవాళ్లు నేను దాన్ని ఏరుకోవడం చూసి నవ్వారు. అప్పటినుంచి అక్కడికి రాగానే దాదాపు ఆగిపోయి, బండిని ఏటవాలుగా తిప్పి, ఒక్కొక్క చక్రమే తాడు ఎక్కించి దించాల్సి వచ్చేది. మా లాంటి బండ్లకు వేరే దారి లేదు. సగం రోడ్డు మూసుకుపోయేది. వెనక ఆటోవాళ్లు కూతలు పెట్టేవాళ్లు. విరిగిన పట్టీ కన్నా ఆ కూతలే నన్ను ఎక్కువ కాల్చాయి.

మూలకుళంలోని మా ఇంటికి వారానికి రెండుసార్లు చేపలు తెచ్చే అక్క ఆ ఊరిదే. తాడు వేసిన నెలలోపే ఒక రోజు వంటింటి గుమ్మంలో కూర్చుని వంజరం ముక్కలు కోస్తూ నా భార్యతో తమిళంలో అంటోంది, ఇప్పుడు నిమ్మళంగా దాటుతున్నామమ్మా, ముందు రోజూ పరుగే అని. ముందుగదిలో కూర్చున్న నాకు ప్రతి మాటా వినిపించింది. నా ఒళ్లో కాగితం ఉంది. తాడు తీసేయమని అధికారులకు నేను రాస్తున్న అర్జీ అది.

కలం ఆగలేదు. అనుమతి లేని అడ్డంకి అని రాశాను. అక్కడితో బలం చాలదనిపించి, ప్రాణాపాయంలో ఉన్నవాళ్లను తీసుకెళ్లే అంబులెన్సులు ఆలస్యమవుతాయని చేర్చాను. అంతకు ముందు నా జీవితంలో అంబులెన్సు గురించి ఒక్క పూట ఆలోచించి ఎరగను. కాంట్రాక్టరు తనకు తెలిసిన బస్సు యజమానుల చేత, వ్యాపారుల చేత సంతకాలు పెట్టించాడు. మామ మాత్రం కాగితం చదివి మడిచి నా చేతికిచ్చారు.

"నేను పెట్టను. నీకు అంబులెన్సు మీద ఇంత ప్రేమ ఎప్పట్నించిరా?"

రెండు వారాల్లో తాడు పోయింది. ఆ ఆదివారం హోటల్లో కేసరి చెప్పింది కూడా నేనే. మామ రాలేదు.

తాడు పోయిన మూడో నెలలో చేపల అక్క రావడం మానేసింది. పది రోజుల తరవాత వేరే ఆమె గంప దించి చెప్పింది: పొద్దున్నే రోడ్డు దాటుతుంటే కారు గుద్దేసి ఆగకుండా పోయిందని, తుంటి ఎముక విరిగిందని. నా నోటినుంచి వచ్చిన మొదటి మాట, "ఏ రోజు?" మంగళవారం, అంది. నా గుండె తేలికపడింది. మంగళవారం మేము బండ్లు తియ్యం. ఆ తేలికదనం గుర్తొస్తే ఈనాటికీ నా ముఖం నేనే చూసుకోలేను.

కాంట్రాక్టరుకు ఫోన్ చేశాను. "మన బండి గాదు గదా అన్నా, ఎందుకు తల పగలగొట్టుకుంటావు?" అన్నాడు. నేను అనుకున్నదే వాడు పైకి అన్నాడు.

నా భార్యా నేనూ చూడడానికి వెళ్లాం. అక్క మంచం మీద పడుకుని ఉంది. డాక్టర్లు లోపల ఇనుప పట్టీ వేశారట. ఇక గంప మోయకూడదన్నారట. ఆమె చెల్లెలు మాకు టీ ఇస్తూ, ఒక్కటి మాత్రం మంచి జరిగిందండీ, అంబులెన్సు తొందరగానే వచ్చింది, అంది. టీ గ్లాసు పట్టుకుని కూర్చుండిపోయాను. ఇంటికొచ్చాక నా భార్య, "నువ్వు రాసేటప్పుడు నేను వంటింట్లోనే ఉండాను. నువ్వేం రాస్తున్నావో నాకూ తెలుసు," అంది.

నెల తరవాత ఒక్కణ్ణే వెళ్లి చెప్పాను. ఆ కాగితం రాసింది నేనని, మీ మాటలు వింటూనే రాశానని. ఆమె నన్ను తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి. తమిళంలో ఒకటే అడిగింది: "మీరు ఒక్కసారి రాస్తే తీసేశారా సార్? స్పీడ్ బ్రేకర్ వేయండని మేము ఎన్నిసార్లు రాశామో తెలుసా? చూడడానికైనా ఒక్కరు రాలేదు. ఆ తరవాతే గదా తాడు వేసుకున్నాం."

ఒక్కసారే రాశానని ఒప్పుకున్నాను. "అట్లయితే మళ్లీ రాయండి. మీరు రాస్తే చదువుతారు," అంది.

రాశాను. అక్కడ సరైన స్పీడ్ బ్రేకర్ వేయాలని, మొదటి అర్జీలో నేను చెప్పిన అంబులెన్సు కారణం నిజం కాదని, నా బండి గీసుకుపోతోందనే రాశానని. మామ చదివి ఈసారి నా కింద సంతకం పెట్టారు. కాంట్రాక్టరు పెట్టలేదు. ఆదివారాలు మాతో రావడం కూడా మానేశాడు. మూడుసార్లు ఆఫీసుకు వెళ్లాను. పరిశీలనలో ఉంది, అన్నారు. తీయడానికి రెండు వారాలు పట్టిన చోట వేయడానికి ఏడాది చాలలేదు.

పోయిన నెల ఊరివాళ్లు మళ్లీ తాడు పరిచారు. ఆ సాయంత్రమే కాంట్రాక్టరు నా పాత అర్జీ ఫోటో ఫోన్‌కు పంపాడు. "తేదీ మార్చి పెట్టేద్దామా అన్నా? ఇంత బాగా ఎవరు రాస్తారు?"

వెంటనే ఫోన్ చేశాను. "అది చించెయ్ రా."

"ఫోన్లో ఉండేదాన్ని ఎట్ల చించేది?" అని నవ్వాడు. వాడు దాన్ని ఎవరికి పంపాడో, పంపబోతున్నాడో నాకు తెలియదు. ఆ మాటలన్నీ నావే. వాటిని వెనక్కు లాక్కోవడం నా చేతిలో లేదు.

నిన్న ఆదివారం పొద్దున్నే వెళ్లాను. తాడు ఉంది. దానికి ఇవతలే ఆపాను. అక్క ఖాళీ చేతులతో, చెల్లెలి భుజం పట్టుకుని రోడ్డు దాటుతోంది. గంప చెల్లెలి నెత్తిన ఉంది. ఇద్దరిలో తల తిప్పి చూడగలిగింది అక్కే. చూసింది. నా నీలం బండిని గుర్తుపట్టి, చెల్లెలిని అక్కడే నిలబెట్టి, నన్ను ముందు పొమ్మని చెయ్యి ఊపింది. నేను ఇంజను ఆపేశాను. అయినా అవతలికి చేరేదాకా ఆమె నా మీదినుంచి చూపు తిప్పలేదు.