పద్నాలుగు గ్రాముల పాలు

మా చెల్లి శ్రీవిద్యకు నెలలు నిండకుండానే కాన్పయింది. తను మదీనాగూడలోని మా ఇంటికి వచ్చేసింది గానీ, పాప మాత్రం నానక్‌రామ్‌గూడ దగ్గరి ఆసుపత్రిలో పసిపిల్లల వార్డులోనే ఉండిపోయింది. చెల్లి పిండిన పాలను ఐసు డబ్బాలో పెట్టుకుని రోజూ నేనే తీసుకెళ్లేదాన్ని. సన్నటి గొట్టంతో వాటిని పాప కడుపులోకి పంపేవారు. ఒకరోజు డాక్టరుగారు ఫోన్ చేసి, "రేపు తల్లిని తీసుకురండి, రొమ్ము పట్టించి చూద్దాం" అన్నారు. ఎన్నో ఊళ్లు తిరిగి ఈ బ్లాగులో రాశాను. ఇంత గుండెదడతో బయల్దేరింది మాత్రం ఇప్పుడే. ఎవరికైనా ఇలాంటి అవసరం పడితే పనికొస్తుందని రాస్తున్నాను.

ఉదయం ఎనిమిదిన్నరకి ఆటో మాట్లాడుకున్నాం, మూడు వందలు. కొత్తగూడ చౌరస్తాలో ఆఫీసు బస్సుల మధ్య ఇరుక్కుపోయాం.

"అక్కా, సీసాకైతే గీతలుంటాయి. నా దగ్గర అది ఎంత తాగిందో ఎలా తెలుస్తుంది? అసలు నాకు పాలు చాలకపోతే?" అంది చెల్లి.

డ్రైవరు అద్దంలో మమ్మల్ని చూశాడు. "దవాఖానకా మేడమ్? ఫికర్ చెయ్యకుండ్రి" అని లోపలి సందుల్లోకి తిప్పి, గచ్చిబౌలి దగ్గర బయటపడేశాడు. అక్కణ్ణుంచి అద్దాల భవనాల మధ్య పది నిమిషాలు.

వార్డులో నర్సు సుజాతగారు పాపని బట్టలతో, డైపరుతో సహా చిన్న కాటా మీద పడుకోబెట్టారు. పదహారు వందల నలభై గ్రాములు.

"తాగినంక మళ్ల తూస్తం. ఎన్ని గ్రాములు పెరిగితే అన్ని మిల్లీలీటర్లు తాగినట్టే" అన్నారు.

"పాల బరువూ కొలతా ఒకటేనా అండి?" అని అడిగాను.

"నీళ్లకన్న పాలు జర బరువుంటయి. ఇంత చిన్న లెక్కల ఆ తేడా పట్టించుకోం. డైపర్ మాత్రం మార్చొద్దు, మధ్యల పాస్ పోసినా బరువు అండ్లనే ఉంటది."

చెల్లి ఒళ్లోకి చేరిన పాప ముందు నిద్రపోయింది. తర్వాత పెదవులు కదిపింది. నాలుగు గుక్కలు, కాస్త అలుపు, మళ్లీ రెండు గుక్కలు. మేమిద్దరం గుక్కలు లెక్కపెడుతూ కూర్చున్నాం.

మళ్లీ కాటా మీద పెట్టారు. కాళ్లు ఆడిస్తుంటే అంకెలు ఊగి ఊగి ఆగాయి. పదహారు వందల యాభై నాలుగు.

"పద్నాలుగు మిల్లీలీటర్లు! ఇయ్యాల్సింది ఇరవై. మిగిలిన ఆరు ఉగ్గుగిన్నెతోటి పోద్దాం. నీకు పాలు మంచిగనే ఉన్నయమ్మా" అన్నారు సుజాతగారు. చెల్లి నా భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది.

పద్నాలుగు మిల్లీలీటర్లంటే మూడు టీస్పూన్లు కూడా నిండవు. కంటికి కనబడకుండా ఒక ఒంట్లోంచి ఇంకో ఒంట్లోకి వెళ్లిన ఆ కాసిని పాలు కాటా మీద అంకెలై కనబడితే నాకు ఒళ్లు జలదరించింది. ఏ కొండ మీద నిలబడినా అంత విస్తుపోలేదు. వారం తిరక్కుండానే గొట్టం తీసేశారు. ఇప్పుడు పాప మా ఇంట్లోనే, పక్కగదిలో, గట్టిగా ఏడుస్తోంది.

మీరూ వెళ్లాల్సివస్తే, పాలిచ్చే వేళకు గంట ముందే అక్కడ ఉండేలా బయల్దేరండి. పసిబిడ్డ ఆకలి మన ట్రాఫిక్ కోసం ఆగదు.