అత్తయ్య మోకాళ్లు

మా ఆయన, అత్తయ్య, నేను న్యూజిలాండ్‌లో, ఆక్లండ్‌లోని హెండర్సన్‌లో ఉంటాం. మోకాళ్ల నొప్పులతో కూర్చుంటే లేవలేకపోతున్నానని మా అత్తయ్య అనడంతో, ఎంతో ఇష్టపడి చేస్తున్న చైల్డ్‌కేర్ ఉద్యోగం మానేశాను. రెండేళ్లుగా ఆమెకు సాక్సులు తొడిగేదీ, షూ లేసులు కట్టేదీ నేనే.

పోయిన ఏడాది ఇద్దరం హైదరాబాద్ వెళ్తూ చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకరోజు ఆగాం. ఎయిర్‌పోర్టులో ఆమెకు వీల్‌ఛైర్ పెట్టించాను. మర్నాడు పొద్దున్నే హోటల్ ఎదురుగా ఉన్న పార్కుకు మెల్లగా నడిపించుకెళ్లి, బెంచీ మీద కూర్చోబెట్టి, "కదలకండి అత్తయ్యా, టీ తెస్తాను" అని వెళ్లాను.

తిరిగొచ్చేసరికి బెంచీ ఖాళీ! భాష రాని ఊళ్లో ఎవరిని అడగను? టీ కప్పులు అక్కడే పెట్టేసి అటూ ఇటూ పరుగెత్తాను. చెట్ల కింద పాటలు పెట్టుకుని, పాతికమంది చైనా బామ్మలు వరసల్లో డాన్స్ చేస్తున్నారు. రెండో వరసలో ఆకుపచ్చ చీర! మోకాళ్లు వంచి, గిర్రున తిరిగి చప్పట్లు కొడుతోంది మా అత్తయ్య.

పాట ఆగాక నన్ను చూసింది. సిగ్గుపడుతుందనుకున్నాను. కుంటుకుంటూ వచ్చి బెంచీ మీద కూలబడి, "అబ్బాయికి చెప్పకే, ఊరికే కంగారుపడతాడు" అంది. తర్వాత నా ముందుకు కాలు చాపింది.

"లేసు ఊడింది, కట్టు."

కట్టాను. ఆమె డాన్స్ చేసినందుకు నాకు కోపం లేదు, నిజానికి చూడముచ్చటగా చేసింది. కానీ అలా చాపిన ఆ కాలు గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది.