మాస్టారు గీసిన వాలు

శుక్రవారం. తెల్లారినప్పటి నుంచి ముసురు. నాతవరం వాళ్ళ వీధి గుమ్మానికి ఒక పక్క చిత్రిక పట్టాను.

నా రోజువారీ పుస్తకంలో ఆ రోజు కింద ఇంతవరకే ఉంది. రెండో పక్క మొదలుపెట్టబోతుంటే ఫోను వచ్చింది. మా హాకీ మాస్టారు నిద్రలోనే పోయారని చెప్పారు. గుమ్మం అలాగే బల్ల మీద వదిలేసి వెళ్ళాను.

నేను ఆటగాడిని కాదు, రాయడం అలవాటున్నవాడినీ కాదు. నర్సీపట్నంలో వడ్రంగం చేసుకుంటాను. బడిలో చదివింది తక్కువ. పని చూసి పని, అక్షరం చూసి అక్షరం నేర్చుకున్నాను. మాస్టారి గురించి అందరూ నవ్వుతూ చెప్పుకునే కథ ఒకటి ఉంది. అందులో తప్పు ఉంది. అది సరిచేయడానికే ఇది రాస్తున్నాను.

ఆయన నా కొట్టుకి మొదటిసారి వచ్చింది మెడ దగ్గర విరిగిన హాకీ కర్ర పట్టుకుని.

"ఏటి మేస్త్రీ, దీనికి ప్రాణం ఉందా?"

"ఉంది గానీ మాస్టారూ, రేపు మళ్ళీ విరుగుద్ది."

"రేపటి మాట రేపు. ఇవాళ సాయంత్రానికి నిలబెట్టు."

నిలబెట్టాను. తర్వాత పదిహేనేళ్ళు మా కొట్టు ఆ కర్రలకి ఆసుపత్రి. మాస్టారు బల్ల చివర కూర్చుని, చిత్రికలోంచి రాలిన చెక్క పొరల్ని వేలికి చుట్టుకుంటూ మాట్లాడేవారు. ఆయన వెళ్ళాక నేల మీద ఉంగరాలు ఉండేవి. రిటైరయ్యాక కూడా జేబులో ఈల తీసెయ్యలేదు. రోడ్డుకి అటు నుంచి నన్ను పిలవాలంటే అరవడం ఆయనకి నామోషీ, ఈల ఊదేవారు. నేను తలెత్తే లోపు రావికమతం వెళ్ళే ఆటోలు ఆగిపోయేవి. "మీరు బేగి పొండి బాబూ, పిలిసింది మిమ్మల్ని కాదు" అని వాళ్ళకి చెయ్యి ఊపేవారు.

పోయినేడు ఒక రోజు ఈల లేకుండా వచ్చారు. నడక చూస్తేనే తెలిసింది, ఏదో జరిగిందని. బాలరాజుని దేశం జట్టు శిబిరానికి పిలిచారట. బాలరాజు ఏజెన్సీ కొండల నుంచి దిగి వచ్చి ఆయన దగ్గర ఆట నేర్చుకున్నవాడు. అప్పటికి పాతికేళ్ళు నిండాయి. అయితే పిలిచింది ఇండోర్ హాకీకి. హాలు లోపల ఆడేది. అందులో కర్ర ఎత్తి బంతిని కొట్టకూడదు, నేలబారుగా తొయ్యాలి. రెండు పక్కలా పొడవునా నాలుగంగుళాల ఎత్తు చెక్కలు ఉంటాయి. బంతి వాటికి తగిలి మళ్ళీ ఆటలోకి వస్తుంది. ఆ తిరిగొచ్చే బంతిని పట్టుకోవడమే సగం ఆట.

"వాడు గడ్డి మీద తప్ప ఆడలేదు మేస్త్రీ. చెక్క మొహం సూడకుండా ఎళ్తే మూడో రోజే బండెక్కించేస్తారు. పది రోజులుంది. అరవై అడుగుల చెక్క కావాల."

రోలుగుంట రోడ్డులో ఒక జీడిపిక్కల షెడ్డు ఆ నెలల్లో ఖాళీ. నున్నటి గచ్చు. షెడ్డు గలాయన్ని ఒప్పించింది మాస్టారే. చెక్క ఎలా ఉండాలో పెన్సిలుతో కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చారు. పై అంచు ఆట వైపుకి కొంచెం వంగి ఉండాలని బాణం గుర్తు కూడా పెట్టారు.

ఆ బాణం చూసి నేను నవ్వుకున్నాను. గడప చేసినా, కిటికీ అడుగు చెక్క చేసినా పై అంచుని మేం వెనక్కే వాలుస్తాం, వాన నీరు నిలవకుండా జారిపోవడానికి. చెక్కని నీళ్ళ మీదకి వంచేవాడిని ఎవర్నీ చూడలేదు. మాస్టారు తొందరలో తిరగేసి గీశారనుకున్నాను. అడిగితే చిన్నబుచ్చుకుంటారని అడగలేదు. షెడ్డులో వాన పడదన్న ఆలోచన నాకు రానే లేదు. పాత పెంకుటింటి దూలాలు కోసి, మూడు రోజులు కూర్చుని, అరవై అడుగులకీ వెనక్కి వాలు పెట్టాను. పని చాలా బాగా వచ్చింది. అదే బాధ.

మొదటి సాయంత్రం బాలరాజు బంతిని గట్టిగా చెక్క మీదకి తోశాడు. వెనక్కి వాలిన చెక్క మీద బంతి ఎక్కి, ఎగిరి, వాడి మోకాలి చిప్పకి తగిలింది. వాడు అక్కడే కూలబడిపోయాడు.

వాళ్ళ నాన్న ఆ రోజు కొండ మీంచి వచ్చి ఉన్నాడు. నెమ్మదైన మనిషి. కొడుకు కాలు పట్టుకుని నా వైపు చూశాడు.

"ఇదేటి పని మేస్త్రీ? మావోడి కాలు పోతే ఎవులు సూస్తారు? నీకు సెక్క సెయ్యడం వొచ్చా, రాదా?"

మాస్టారు వంగి, చెక్క మీద అరచెయ్యి పెట్టి కొసదాకా నడిచారు. లేచి నా మొహం ఒక్కసారి చూశారు. ఆయనకి అంతా తెలిసిపోయింది.

"మేస్త్రిని అనకు బాబూ. బొమ్మ నేనే తిరగేసి గీసేను. ఆడు గీసినట్టే సేసేడు."

వాళ్ళ నాన్న ఆయన్ని ఏమీ అనలేకపోయాడు. నేను చిత్రిక తీశాను, ఆ రాత్రంతా కూర్చునైనా అరవై అడుగులూ మళ్ళీ చెక్కాలని. మాస్టారు నా చెయ్యి పట్టుకున్నారు.

"ఆగవయ్యా. ఆ కొస ఈ కొసకి తిప్పి, బోర్లా ఎయ్యి. వాలు దానంతటదే లోపలికొస్తది."

వచ్చింది. అరగంట పని. బాలరాజు రెండు రోజులు కుంటాడు, మిగతా రోజులు పొద్దున్నా సాయంత్రం ఆడాడు. "నీకు ఎవడూ దొరక్కపోతే సెక్కకియ్యి. అదీ మనోడే" అని మాస్టారు పక్క నుంచి చెబుతూనే ఉండేవారు. శిబిరంలో వాడు నిలిచాడు.

తర్వాత ఒక రోజు కొట్లో ఎవరూ లేనప్పుడు నేను ఆ మాట ఎత్తబోయాను. ఆయన చెక్క పొర వేలికి చుట్టుకుంటూ అన్నారు. "నువ్వు రేపట్నించీ ఈ ఊళ్ళో గుమ్మాలు సెయ్యాల. నాకు రిటైరైపోయింది. తప్పు నా కాడుంటే ఊరికే కూకుంటది, ఎవుల్నీ ఏమీ సెయ్యదు."

అది ఊరికే కూర్చోలేదు. బాలరాజు జట్టులో అందరికీ చెప్పాడు. మా సారు ఎంత గొప్ప కోచో, కానీ లోపలేదో బయటేదో తెలీక బొమ్మ గీశారని. ప్రేమగానే చెప్పాడు. ఊళ్ళోనూ అదే కథ. మాస్టారు కూడా అందరితో పాటు నవ్వేవారు. నేనూ నవ్వేవాడిని.

ఇప్పుడు బాలరాజు దేశం కాని దేశంలో ఉన్నాడు. ఆరు దేశాల మగవాళ్ళ జట్లు ఆడే ఇండోర్ పోటీ అది. మన జట్టు మొదటి ఆట సోమవారం. మా కొట్లో కూర్చుని చూద్దామని మాస్టారు అనుకున్నారు. శుక్రవారమే పోయారు. వాడు రాలేకపోయాడు.

ఆదివారం, మూడో రోజు, మాస్టారింటికి పదిమంది దాకా వచ్చారు. ఆయన దగ్గర ఆడినవాళ్ళే ఎక్కువ. మాటల్లో ఆ కథ మళ్ళీ వచ్చింది. దుఃఖంలో కూడా అందరూ నవ్వారు. మాస్టారి భార్య, అమ్మగారు మాత్రం నవ్వలేదు.

"ముప్పై ఏళ్ళు గ్రౌండులో సున్నం గీతలు గీసిన మనిషండి. లోపలా బయటా తెలీలేదంటే నాకు నమ్మకం లేదు" అన్నారు, ఎవరి వైపూ చూడకుండా.

నేను లేచి నిలబడ్డాను.

"బొమ్మ సరిగ్గానే ఉందమ్మా. తప్పు నాది. నాకు తెలిసే మార్చాను" అన్నాను.

అంత మంది మధ్య నేను అంత మాట మాట్లాడటం అదే మొదలు. ఆమె నా వైపు తిరిగారు. కోపం లేదు. కళ్ళు ఒత్తుకుని, "మరి బాలరాజుకీ సెప్పండి. ఆడు ఊళ్ళన్నీ సెప్పుకు తిరుగుతున్నాడు" అని ఫోను కలిపి నా చేతికి ఇచ్చారు.

చెప్పాను.

"మావా, నా మోకాలు పగలగొట్టింది నువ్వా?"

"నేనే."

"సారు ఆ మాట మా నాన్నకి కూడా సెప్పలేదు. ఇప్పుడు టీమందరికీ మొదట్నించీ సెప్పాల. సగం మందికి తెలుగు రాదు, నాకు హిందీ అంతంత."

సోమవారం. వాన తెరిపిచ్చింది. మధ్యాహ్నం రెండింటికి ఫోను బల్ల మీద నిలబెట్టాను. హాలు పెద్దది, నేల నీలంగా ఉంది. ఆట ఇంకా మొదలవలేదు. కెమెరా ఎటో తిరుగుతూ ఒక పక్కన ఆగింది. మన వాళ్ళు నలుగురైదుగురు చెక్క పక్కన గుండ్రంగా గొంతుక్కూర్చున్నారు. మధ్యలో బాలరాజు. మాట వినపడదు. వాడు అరచెయ్యి నిలబెట్టి మొదట వెనక్కి వాల్చాడు, ఇంకో చేతి వేళ్ళు మోకాలి దాకా ఎగిరాయి. అందరూ నవ్వారు. తర్వాత అరచెయ్యిని నెమ్మదిగా లోపలికి వంచి, అలాగే ఉంచాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. వాళ్ళలో ఒకడు చెయ్యి చాచి చెక్క పై అంచుని తడిమి చూశాడు.

ఇవాళ పని: కిటికీ రెక్క ఒకటి పూర్తి. గుమ్మానికి రెండో పక్క మొదలుపెట్టాను.