అత్తమ్మ మొక్కు, నా ఇంజను

ఖమ్మం నుంచి భద్రాచలానికి సొంత కారులో వెళ్ళాలనుకునే వాళ్ళకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ఇల్లందు, టేకులపల్లి, కొత్తగూడెం, పాల్వంచ మీదుగా దారి. రోడ్డు మంచిదే, అడవి చల్లన. నింపాదిగా పోయినా మూడున్నర గంటల ప్రయాణం. మాకు ఏడు గంటలు పట్టింది. అందులో రోడ్డు తప్పేమీ లేదు.

నేను ఐటీఐలో మోటారు మెకానిక్ పాఠాలు చెబుతాను. పద్నాలుగేళ్ళుగా ఇంజనుకు వచ్చే జబ్బులన్నిటినీ నల్లబల్ల మీద నయం చేస్తూ వచ్చాను. జిల్లాలో ఏ షెడ్డు ముందు నిలబడ్డా లోపలి నుంచి ఒకరైనా "నమస్తే సార్" అంటూ బయటికొస్తారు. అన్నీ ఉన్నాయి గానీ నాకంటూ కారు లేదు. చివరికి ఒక పాత పెట్రోలు కారు కొన్నాను. కొన్న మర్నాడే మా అత్తమ్మ కోటమ్మ తన మొక్కు గుర్తు చేసింది.

అల్లుడు కారు కొంటే ఆ కారులోనే భద్రాచలం వస్తానని, రామయ్య దర్శనం అయ్యేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనని ఆమె మొక్కు. నేను కారు కొనేలోగా ఆ మొక్కుకు బడికి వెళ్ళే వయసొచ్చింది. అత్తమ్మకు అరవై ఎనిమిదేళ్ళు, పైగా షుగరు. అది మార్చి నెల, ఎండలు అప్పుడే ముదురుతున్నాయి.

"ఒంటిగంటకు గుడి తలుపులు వేస్తారు. మళ్ళీ మూడింటికే. ఆలోపు దర్శనం కాకపోతే మా అమ్మ పడిపోతుంది గానీ గుక్కెడు నీళ్ళు తాగదు. మీ ఇష్టం" అంది నా భార్య సుజాత.

"తొమ్మిదిన్నరకల్లా గుళ్ళో ఉంటాం" అన్నాను. పద్నాలుగేళ్ళ అనుభవం నా చేత అలా అనిపించింది.

ఫ్లెక్సీ బ్యానర్లు కొత్తగా వచ్చిన రోజులవి. యాత్రకు వెళ్ళే ప్రతి బండికీ ముందు ఒకటి కట్టేవారు. మనకు మాత్రం లేకపోతే ఎలా అని నేనూ ఒకటి వేయించాను. మధ్యలో అత్తమ్మ ఫోటో, చుట్టూ పూలదండ, అటొకటి ఇటొకటి వెలుగుతున్న దీపాలు. పైన పెద్ద అక్షరాల్లో "శ్రీమతి కోటమ్మ గారు". కింద "మొక్కు తీర్చుకొనుటకై భద్రాద్రి ప్రయాణం" అని రాయించాను. తీరా కట్టబోతే ఫ్లెక్సీ కారు కంటే పొడుగైంది. కింది భాగం బంపరు కిందికి మడిచి, ఈ హెడ్‌లైటు నుంచి ఆ హెడ్‌లైటు దాకా తీగతో బిగించాను. డప్పులా బిగుసుకుంది. మడతలో ఏయే అక్షరాలు పోయాయో చూసుకోలేదు.

ఉదయం అయిదూ నలభైకి బయలుదేరాం. అత్తమ్మ వెనక సీట్లో, ఒళ్ళో సంచితో. ఆ సంచిలో దర్శనం కాగానే తాగడానికి నింపుకున్న పెద్ద నీళ్ళ సీసా. చలిగాలికి కారు గుర్రంలా పరుగెత్తింది. కారేపల్లి దాటేదాకా ఇంజను గురించి సుజాతకు ఒక పాఠం పూర్తి చేశాను. ఆమె మొదటి అధ్యాయంలోనే నిద్రపోయింది.

ఆరూ యాభైకి, ఇల్లందు ఇంకా రెండు మూడు కిలోమీటర్లు ఉందనగా, వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటింది. బానెట్ సందుల్లోంచి పొగలు. ఎదురుగా టీ కొట్టు ఉంటే అక్కడ ఆపాను.

ఇక్కడ చదివేవాళ్ళకు ఒక మాట. ఇంజను కాగినప్పుడు రేడియేటర్ మూత వెంటనే తిప్పకూడదు. లోపలి నీళ్ళు ముఖం మీదికి చిమ్ముతాయి. అరగంట ఆగి, తడిగుడ్డ వేసి, మెల్లగా విప్పాలి. నేను అలాగే చేశాను. ఫ్యాన్ బెల్టు వదులైందని తేల్చి, బిగించి, వెంట తెచ్చుకున్న రెండు నీళ్ళ క్యాన్లలో ఒకటి రేడియేటర్‌లో పోశాను. నిజానికి బెల్టు వేలితో నొక్కితే ఉండవలసినంత బిగువుగానే ఉంది. కానీ ఏదో ఒకటి బిగించకపోతే ఇన్‌స్ట్రక్టరుకు మర్యాదగా ఉండదు.

టీ కొట్టాయన గ్లాసు కడుగుతూ ఫ్లెక్సీ వంక చాలాసేపు చూశాడు. దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"పెద్దమ్మ ఎన్నడు పోయింది సార్?"

"ఎక్కడికి పోయింది? వెనకే కూర్చుంది" అన్నాను.

ఆయన వెనక సీటు వైపు చూడలేదు. ఆకాశం వైపు చూశాడు. "అవ్ సార్. పోయినోళ్ళు ఎప్పుడూ మన ఎనకాలనే ఉంటరు" అని కళ్ళు తుడుచుకుని, మా ఇద్దరికీ అడగకుండానే టీ ఇచ్చాడు.

అత్తమ్మ కిటికీలోంచి అంతా విన్నది. "అల్లుడూ, ముందల ఆ గుడ్డ పీకెయ్యి."

"ఫోటో సంగతి తర్వాత చూద్దాం అత్తమ్మా. ముందు బండి సంగతి చూడనివ్వండి."

"నేను చెప్పేది గదే..."

"మీరు ప్రశాంతంగా రామా అనుకుంటూ కూర్చోండి" అన్నాను. అత్తమ్మ మూతి ముడుచుకుని రామా అనుకుంది. ఆ రామా అన్నది నన్ను తిట్టినట్టే వినిపించింది.

ఎనిమిదిన్నరకు టేకులపల్లి దాటాక అడవిలో మళ్ళీ అదే కథ. ఈసారి థర్మోస్టాట్ అని తేల్చాను. ఇంజను వేడెక్కాక నీళ్ళకు దారి తెరిచే చిన్న తలుపు అది. మూసుకుని బిగుసుకుపోతే నీళ్ళు రేడియేటర్‌కు చేరవు. దాని మూత విప్పి, దాన్ని పూర్తిగా పీకి జేబులో వేసుకున్నాను. రెండో క్యాను కూడా ఖాళీ అయింది. రోడ్డు పక్కన ఇప్పపూలు రాలి ఉన్నాయి, తీపి వాసన. అత్తమ్మ పెదాలు ఎండిపోతున్నాయని అప్పుడే గమనించాను. అయినా స్పానరు తిప్పుతూనే ఉన్నాను.

భద్రాచలం వైపు నుంచి వస్తున్న బస్సు మా పక్కన నెమ్మదించింది. కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళు ఫ్లెక్సీకి దండం పెట్టారు. సైకిలు మీద వస్తున్న ఒకాయన దిగి, తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అస్థికలు గోదాట్ల కలపనీకి పోతున్నరా సార్?"

నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ తల బయట పెట్టింది. "ఆ అస్థికలు ఇంకా నా ఒంట్లనే ఉన్నయి బిడ్డా. జల్దీ ఏం లేదు, నువ్వు పో."

ఆయన సైకిలు ఎక్కడం మరిచిపోయి, దాన్ని తోసుకుంటూ పరుగెత్తాడు. సుజాత నవ్వు ఆపుకోలేక చెట్టు చాటుకు వెళ్ళింది. నేను బానెట్‌లో తల దూర్చి నవ్వాను.

"ఇప్పుడన్న తియ్యి" అంది అత్తమ్మ. "ఇంజనుకు..."

"ఇంజను నాకొదిలెయ్యండి అత్తమ్మా. పద్నాలుగేళ్ళ సర్వీసు నాది."

పదీ ఇరవైకి కొత్తగూడెం. బస్టాండు దగ్గర ఇడ్లీ బాగుంటుంది, చట్నీలో పల్లీలకు మొహమాటపడరు. అత్తమ్మకు కనిపించకుండా గోడ వైపు తిరిగి తిన్నాం. రోడ్డుకు అటుపక్క ఒక షెడ్డు, దాని బోర్డు మీద నా పాత విద్యార్థి పేరు. ఒక్క మాట అడిగితే పోయేది. కానీ పాఠం చెప్పిన నోటితో "నా బండి ఎందుకు కాగుతోంది నాయనా" అని ఎలా అడగను? ముఖం మీద కర్చీఫు వేసుకుని కారెక్కాను. క్యాన్లు నింపుకోవాలన్న సంగతి ఆ కంగారులో మరిచిపోయాను.

పదకొండూ అయిదుకు పాల్వంచ దాటాం. పదకొండూ ఇరవైకి, చుట్టూ మోదుగులు ఎర్రగా పూసి ఉన్న చోట, కారు మూడోసారి పొగలు కక్కి ఆగిపోయింది.

ఇక మిగిలింది హెడ్ గ్యాస్కెట్. ఇంజను పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే ఆ పలక కాలిపోతే ఇంజను మొత్తం విప్పాల్సిందే. కాలితే నీళ్ళు ఆయిల్‌లో కలిసి, ఆయిల్ పాలు పోసిన టీ రంగులోకి మారుతుంది. ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ లాగి చూశాను. ఆయిల్ శుభ్రంగా ఉంది. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. జబ్బు ఉంది, జబ్బు పేరు లేదు.

"బస్సెక్కుదాం అమ్మా" అంది సుజాత.

"మొక్కింది కారుల వస్తనని. బస్సుల పోతే రామయ్య నన్ను గుర్తువట్టడు" అంది అత్తమ్మ. గొంతు పీలగా వచ్చింది. నుదుటి మీద చెమట. సుజాత నా వైపు ఒక చూపు చూసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అలాంటి చూపు నేనెరుగను. నాకు నిజంగా భయమేసింది. ముసలామెకు ఏమన్నా అయితే ఆ ఫ్లెక్సీ నిజమైపోతుంది.

అప్పుడే మిరపకాయలు ఏరడానికి పోతున్న ఆడవాళ్ళతో ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. అందులోంచి ఒకామె దిగి, మోదుగుపూల గుత్తి ఒకటి తెంపుకుని వచ్చింది. దాన్ని ఫ్లెక్సీ మీద తీగకు గుచ్చి, "మా తల్లి, ఎంత పుణ్యాత్మురాలో, ముఖం చూస్తేనే తెలుస్తున్నది" అంటూ కళ్ళు మూసుకుని దండం పెట్టింది. కళ్ళు తెరిచి తలెత్తింది. అదే ముఖం కారు కిటికీలోంచి ఆమెనే గుర్రుగా చూస్తోంది.

ఆ కేకకు చెట్ల మీది పిట్టలన్నీ లేచిపోయాయి. ఆటో ఆమె కాలు పూర్తిగా లోపల పెట్టకముందే కదిలింది.

అత్తమ్మ తలుపు తీసుకుని దిగింది. నన్ను పక్కకు నెట్టింది. రెండు చేతులా పట్టి ఫ్లెక్సీని ఒక్క లాగు లాగింది. తీగ తెగి, హెడ్‌లైటు చట్రం ఒకటి ఊడి, ఫ్లెక్సీ ఆమె చేతికొచ్చింది. దాన్ని చుట్ట చుట్టి తన సీటు కింద తోసింది. తర్వాత సంచిలోంచి తన నీళ్ళ సీసా తీసి నా చేతిలో పెట్టింది.

"చల్లారినంక దానికి పొయ్యి."

"ఇది మీరు తాగేది కదా అత్తమ్మా."

"నేను తాగేది దర్శనం అయినంకనే గదా. ముందు దాన్ని తాగనియ్యి."

అరగంట ఆగి పోశాను. పన్నెండూ అయిదుకు కదిలాం. నా కళ్ళు రోడ్డు మీద కంటే ముల్లు మీదే ఎక్కువ ఉన్నాయి. సగానికి వచ్చింది. అక్కడే ఆగింది. బూర్గంపాడు క్రాస్ రోడ్డు దగ్గరా సగమే. సారపాకలోనూ సగమే. గోదావరి వంతెన ఎక్కేసరికి పన్నెండూ ముప్ఫై అయిదు. నది మీది గాలి నేరుగా రేడియేటర్‌కు కొడుతుంటే ముల్లు ఇంకొంచెం దిగింది.

అప్పుడు వెలిగింది నా బుర్రలో. రేడియేటర్ ముందు నుంచి గాలి లోపలికి పోతేనే నీళ్ళు చల్లబడతాయి. మొదటి సంవత్సరం, మూడో పాఠం. దాని ముందు గాలి చొరని ఫ్లెక్సీని డప్పులా బిగించి, మూడుసార్లు బానెట్ ఎత్తి, మోకాళ్ళు ఆ ఫ్లెక్సీకే ఆనించి నిలబడి, లోపల జబ్బు వెతికాను. ఆ వంతెన మీద నాకు నేనే సున్నా మార్కులు వేసుకున్నాను.

పన్నెండూ యాభైకి దర్శనమైంది. అత్తమ్మ చేతులెత్తి ఏం మొక్కుకుందో తెలియదు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని, సుజాత ఇచ్చిన చెంబెడు నీళ్ళు ఆపకుండా తాగింది. ఆమె గొంతు కదలడం చూస్తుంటే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మెస్సులో పప్పుచారు, వంకాయ కూరతో అన్నం తిని, గోదావరి ఒడ్డున కాసేపు కూర్చుని, మూడున్నరకు తిరుగు ప్రయాణమయ్యాం. క్యాన్లు నింపాను. ఒక్క చుక్క కూడా అవసరం పడలేదు.

పాల్వంచ దగ్గర తెగించి చెప్పేశాను. "అత్తమ్మా, తప్పు నాదే. ఫ్లెక్సీ అడ్డమై ఇంజనుకు గాలి ఆడలేదు."

"నాకు ఇల్లందు కాడనే తెలుసు" అంది ఆమె.

సుజాత వెనక్కి తిరిగింది. నేను స్టీరింగు గట్టిగా పట్టుకున్నాను.

"మీ మామ పోయినంక పదేండ్లు బాయికాడ నూనె ఇంజను నేనే తిప్పలే? ఒకసారి వానకు తడుస్తదని గోనె పట్టా కప్పి నడిపిన. గిట్లనే పొగలు కక్కింది. మళ్ల ఎన్నడు కప్పలే."

"మరి చెప్పలేదేంది అత్తమ్మా?" నా నోట కూడా ఆమె భాషే వచ్చింది.

"చెప్పనిచ్చినవా? నోరు తెరిస్తే సర్వీసు అంటివి."

ఆ తర్వాత ఇల్లందు దాకా కారులో ఇంజను పాఠాలేవీ జరగలేదు.

ఆరున్నరకు పొద్దుటి టీ కొట్టు ముందు ఆపాను. అత్తమ్మే ముందు దిగింది. కొట్టాయన చేతిలో పాలగిన్నె, ముఖంలో చుక్క నెత్తురు లేదు. "మూడు టీ. ఒకటి చక్కెర లేకుంట" అంది అత్తమ్మ, బల్ల మీద కూర్చుంటూ. ఆయన ఆమె కాళ్ళ వైపు ఒకసారి, ఆమె నీడ వైపు ఒకసారి చూసుకుని కాస్త తేరుకున్నాడు. టీ నా చేతికిస్తూ, ఆమె ఊసెత్తే ధైర్యం చాలక బండి ఊసెత్తాడు.

"పొద్దుగాల అంత పొగ వచ్చె గదా సార్. ఏమైందట బండికి?"

పద్నాలుగేళ్ళ అలవాటు కొద్దీ నోరు తెరిచాను. ఫ్యాన్ బెల్టు, థర్మోస్టాట్, హెడ్ గ్యాస్కెట్ అన్నీ వరుసగా నాలుక మీదికి వచ్చాయి. టీ ఒక గుక్క తాగి వాటిని మింగేశాను.

"మా అత్తమ్మను అడుగు" అన్నాను.