ఎడమకు తిరిగే దళపతి

తార్నాకలో మా నాన్నగారి క్లబ్బుకు ఒక నవ్వుల దళం ఉండేది. ఒక వార్షికోత్సవం ఊరేగింపుకు బ్యాండువాళ్లు రాకపోతే, సభ్యులు వంటవాళ్ల గరిటెలే తుపాకుల్లా భుజాన వేసుకుని యూనివర్సిటీ గేటు నుంచి కవాతు చేశారట. అదే ఏటేటా ఆనవాయితీ అయింది.

దళపతి మా ఎదురింటి పెద్దాయన. చౌరస్తాలో దళమంతా క్లబ్బు వైపు కుడికి తిరిగితే, ఆయనొక్కరే ఎడమకు వెళ్లేవారు. కొంత దూరం పోయి, వెనక్కి తిరిగి, "ఏంది, మీరంతా తప్పిపోయిండ్రా?" అని గద్దించేవారు. ఇంట్లోనే చదువుకుంటూ పెరిగిన నాకు అంతమంది ఒక్కసారిగా నవ్వడం అక్కడే తెలిసింది.

నిరుడు ఆయనకు మతిమరుపు ముదిరింది. పాలకని వెళ్లి ఎక్కడో దూరాన అంబర్‌పేట్‌లో దొరికారు.

"బాపును ఈసారి ఊరేగింపుకు తీస్కపోవద్దు అంకుల్, నిజంగనే తప్పిపోతడు," అని ఆయన కూతురు బతిమాలింది.

"నేనుంట గదమ్మా," అన్నారు నాన్నగారు.

చౌరస్తాలో పెద్దాయన ఎడమకు తిరిగారు. ఆగలేదు, వెనక్కి చూడలేదు. రోడ్డు పక్కన నాతో నిలబడి చూస్తున్న ఆయన కూతురు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాన్నగారు గరిటె భుజం మార్చుకుని ఆయన వెనకే నడిచారు. దళమంతా అటే తిరిగింది. అడుగుల చప్పుడుకు పెద్దాయన ఆగి చూశారు.

"ఏంది, మీరంతా తప్పిపోయిండ్రా?"

"అవును సార్. మీరే ఇంటికి తీస్కపోవాలె," అన్నారు నాన్నగారు.

ఆయన ముందు నడిచారు. దేవుడి దయ, మా వీధి ఎడమవైపే ఉంది.